బల్ల మీద కాస్త చోటు వదలండి

మినియేచర్ వార్‌గేమింగ్‌లో, అంటే చిన్న సైనిక బొమ్మల్ని బల్ల మీద నడిపి పాచికలతో యుద్ధాలు ఆడే హాబీలో, నాకు బాగా నచ్చేది బల్ల మీద బొమ్మల మధ్య మిగిలే ఖాళీ జాగా. రెండు సైన్యాల నడుమ, పక్కల్లో, వెనక మిగిలిన ఆ జాగాలోనే ఆట ఉంటుంది. ఏ పక్కన బలం పెంచాలి, ఏ పక్కని పలచగా వదలాలి, ఎవర్ని వెనక ఆపుకోవాలి, గుర్రాల్ని ఎంత చుట్టు తిప్పి తేవాలి, ఇవన్నీ చోటుంటేనే పుట్టే ప్రశ్నలు. నాకు చిరాకు తెప్పించేవాటి చిట్టా తీస్తే అందులో చాలా భాగం ఈ చోటుని తినేసే అలవాట్లే. మిగతావి నిర్ణయాన్ని బల్ల మీంచి ఎత్తుకుపోయి ఇంకెక్కడో పెట్టేవి.

ముందు చోటు లెక్క చూద్దాం. 28 మి.మీ. బొమ్మ అంటే ఉజ్జాయింపుగా 1/60 స్కేలు. ఆరడుగుల బల్ల పొడవు 183 సెం.మీ., అదే స్కేలులో 110 మీటర్లు. 18వ శతాబ్దపు మస్కెట్ తుపాకితో గురి కాస్త కుదిరే దూరం 100 మీటర్ల లోపే. అంటే బొమ్మల స్కేలునే నేలకీ వాడితే బల్ల ఈ కొస నుంచి ఆ కొసకి తూటా దాదాపు అందుతుంది, ఇక ఫిరంగుల ముందు ఆ బల్ల ఏ మూలకీ రాదు. అందుకే చారిత్రక యుద్ధాల రూల్స్ చాలావరకు బొమ్మలకి ఒక స్కేలు, నేలకి ఇంకో స్కేలు పెట్టుకుంటాయి. దాంతో నాకు పేచీ లేదు. నేల స్కేలు ఎంతో తేల్చుకోకుండా బొమ్మలు కొనుక్కుంటూ పోవడంతోనే పేచీ.

మనకి దగ్గరి ఉదాహరణ చందుర్తి యుద్ధం. ఇంగ్లీషు పుస్తకాల్లో దాన్ని కాండోర్ అంటారు. 1758 డిసెంబరులో, పిఠాపురానికి దగ్గర్లో జరిగింది. ఒకవైపు బెంగాల్ నుంచి క్లైవ్ పంపిన కర్నల్ ఫోర్డ్, అతనికి తోడుగా విజయనగరం ఆనంద గజపతి రాజు బలగం. రెండోవైపు కాన్‌ఫ్లాన్స్ నాయకత్వంలో ఫ్రెంచివాళ్లు. ఫోర్డ్ దగ్గర ఐరోపా సైనికులు 470 మంది, సిపాయిలు 1,900 మంది. కాన్‌ఫ్లాన్స్ దగ్గర ఐరోపావాళ్లు సుమారు 500, సిపాయిలు సుమారు 6,000.

దీన్ని బల్ల మీద పెట్టాలనుకోండి. మనిషికి అరమీటరు పైచిలుకు, మూడు వరసల్లో నిలబెడితే 470 మంది బెటాలియన్ వెడల్పు 90 మీటర్లు. ఫోర్డ్ సిపాయిలందరూ కలిపి ఓ 360 మీటర్లు. ఫ్రెంచి పక్షం సిపాయిలు 1,140 మీటర్లు, ఐరోపావాళ్లు ఇంకో 95. నేల స్కేలు మీటరుకి ఒక మిల్లీమీటరు పెట్టుకుంటే ఫ్రెంచి వరస మొత్తం 124 సెం.మీ.లో సరిపోతుంది. ఆరడుగుల బల్ల మీద ఇంకా 60 సెం.మీ. మిగులుతుంది. పక్క నుంచి చుట్టి రావడానికి అది చాలు. 6 మి.మీ. బొమ్మలైతే ఆ 90 మి.మీ. వెడల్పులో ఇరవైకి పైగా పడతాయి, చూస్తే నిజంగా బెటాలియన్‌లా ఉంటుంది. 28 మి.మీ. బొమ్మలైతే 20 మి.మీ. బేస్‌ల (బొమ్మ కింద అంటించే పీటల) మీద నాలుగంటే నాలుగు. అదొక కాపలా బృందంలా ఉంటుంది తప్ప బెటాలియన్ అనిపించదు.

ఇప్పుడు ఇదే యుద్ధాన్ని 28 మి.మీ.లో అందరూ వాడే కొలతతో చూడండి. బెటాలియన్‌కి 24 బొమ్మలు, రెండు వరసలు, అంటే 12 బేస్‌ల వెడల్పు, 240 మి.మీ. ఐదొందల మందికి ఒక బెటాలియన్ చొప్పున ఫ్రెంచి పక్షానికి 13 యూనిట్లు. పక్కపక్కన పెడితే 312 సెం.మీ. బల్ల 183 దగ్గరే ఆగిపోయింది. ఇక్కడే చాలామంది యూనిట్లని ఒకదాని వెనక ఒకటి కుక్కి, సైన్యాన్ని బల్ల అంచు నుంచి అంచుకి పరిచేసి ఆట మొదలెడతారు. పక్కలు ఉండవు, వెనక నిలుపుకునే దళం ఉండదు. రెండు గోడలు ఎదురెదురుగా నడిచి గుద్దుకుంటాయి, మూడు గంటలు పాచికలు పడతాయి. 28 మి.మీ. మీద ప్రేమ ఉంటే తప్పు లేదు, ఆ సైజులో ఎర్ర కోటు మడతలు, తలపాగా చుట్లు కనిపించే తీరు నాకూ ఇష్టమే. అప్పుడు బెటాలియన్‌ని 12 బొమ్మలకి తగ్గించండి. వెడల్పు 120 మి.మీ. అవుతుంది, 13 యూనిట్లూ 156 సెం.మీ.లో పడతాయి. రూల్స్‌లో దూరాలన్నీ సగం చేసుకోండి, అంగుళాల బదులు సెంటీమీటర్లు వాడినా దాదాపు అదే పని జరుగుతుంది. సగం బొమ్మలతో ఆట రెండింతలు బాగుంటుంది.

ఒక్క సంగతి మాత్రం ఏ స్కేలులోనూ సరిపడదు. మూడు వరసల దళం నిజంగా నాలుగైదు మీటర్ల లోతు ఉంటుంది. మన బేస్ లోతు 30 మి.మీ. ఉంటే బల్ల మీద అది 30 మీటర్లు. కాబట్టి మన దళాలన్నీ నిజం కన్నా బాగా మందంగా ఉంటాయి, పక్క నుంచి కొట్టేవాడికి లక్ష్యం పెద్దదవుతుంది. దీన్ని గుర్తుపెట్టుకుని పక్కదాడికి ఇచ్చే బోనస్ మరీ ఎక్కువ లేకుండా చూసుకుంటే చాలు.

చందుర్తిని ఎంచుకోవడానికి ఇంకో కారణం ఉంది. ఫోర్డ్ ఐరోపా బెటాలియన్ ముందు ఎత్తుగా ఎదిగిన మొక్కజొన్న చేను ఉంది, అవతలివాళ్లకి ఆ దళం కనిపించలేదు. కనిపించినవాళ్లు ఎర్ర కోట్లు వేసుకున్న సిపాయిలు. ఫ్రెంచివాళ్లు వాళ్లనే ఐరోపా దళం అనుకుని మీద పడ్డారు, వాళ్లు చెదిరేసరికి తరుముతూ వరస తప్పారు. అప్పుడు చేను పక్క నుంచి అసలు దళం బయటికొచ్చి పక్కలో కాల్చింది. ఇంత మంచి సన్నివేశం బల్ల మీద మామూలుగా పెడితే పూర్తిగా చచ్చిపోతుంది, ఎందుకంటే ఫ్రెంచి ఆటగాడికి పైనుంచి అన్నీ కనిపిస్తాయి. చేయాల్సింది ఇదీ: ఫోర్డ్ పక్షం యూనిట్లన్నిటినీ మొదట అట్టముక్కలుగా పెట్టండి, పైన ఎర్ర రంగు, కింద యూనిట్ పేరు. రెండో మూడో ఉత్త ముక్కలు కలపండి. 15 సెం.మీ. లోపలికి శత్రువు వచ్చినప్పుడో, ఆ యూనిట్ కాల్చినప్పుడో ముక్క తిప్పి బొమ్మలు పెట్టాలి. చేనులోనో దాని వెనకో ఉన్న ముక్కని 5 సెం.మీ. దాకా తిప్పక్కర్లేదు. అంతే, ఇంకే ప్రత్యేక రూలూ అక్కర్లేదు. ఆటగాడు తప్పు ఊహించేలా చేసే ఇలాంటి ఏర్పాటు నాకు ఈ హాబీలో అన్నిటికన్నా ప్రీతి.

చేను చేయడం కూడా మనకి తేలిక. కొబ్బరి పీచు డోర్‌మ్యాట్ తెచ్చి వెనక రబ్బరు వైపు నుంచి కొత్త బ్లేడుతో కోయండి. పీచు వైపు నుంచి కోస్తే అంచు పీచంతా రాలిపోతుంది. 10 సెం.మీ. వెడల్పు, 15 సెం.మీ. పొడవు ముక్కలు చాలు. మధ్యలో ఒక ముక్క విడిగా ఊడొచ్చేలా కోసుకుంటే దళం లోపలికి వచ్చినప్పుడు అది తీసి బొమ్మలు పెట్టుకోవచ్చు. కోసిన అంచుకి ఫెవికాల్ సగం, నీళ్లు సగం కలిపి పూస్తే పీచు రాలదు. పచ్చ స్ప్రే తేలిగ్గా కొట్టి, ఆరాక కొసల మీద లేత పసుపు డ్రైబ్రష్ చేయాలి, అంటే రంగు దాదాపు తుడిచేసిన పొడి బ్రష్‌తో పైపైన రుద్దాలి. పీచు ఎత్తు ఓ 15 మి.మీ. ఉంటుంది, 28 మి.మీ. సైనికుడి నడుము దాకా. నిజం చేనులో మనిషి మునిగిపోతాడు.

ఆ తేడా వల్లే నాకు 'బొమ్మ కంటితో చూడు' పద్ధతి అంటే గిట్టదు. బల్లకి తల ఆనించి, ఒక కన్ను మూసి, శిథిలమైన కిటికీలోంచి అవతలివాడి భుజం కనిపిస్తుందో లేదో లేజర్ పాయింటర్‌తో తేల్చుకోవడంలో యుద్ధమూ లేదు, ఆటా లేదు. మోకాళ్ల మీద కూర్చున్న భంగిమలో బొమ్మ చేస్తే దాక్కోవడం తేలికవుతుంది, కత్తి పైకెత్తిన నాయకుడు గోడ వెనక నుంచి కనిపించి చచ్చిపోతాడు. శిల్పి చేతి భంగిమ రూల్ అయిపోకూడదు. అడవైనా చేనైనా కింద ఒక ముక్క పరిచి, దాని అంచే హద్దు అనాలి. అంచు నుంచి 5 సెం.మీ. లోపలున్నవాడు బయటికి చూడగలడు, కనిపిస్తాడు. అంతకన్నా లోపలున్నవాడు చూడలేడు, కనపడడు. అవతలి పక్కకి చూపు దాటదు. మూడు వాక్యాల్లో వాదన ముగుస్తుంది, చెట్లని బొమ్మలకి అడ్డొచ్చినప్పుడు పక్కకి జరుపుకోవచ్చు కూడా.

చోటు తగ్గిపోవడం చారిత్రక ఆటల్లోనే అనుకోకండి. కల్పిత భవిష్యత్తు యుద్ధాల ఆట వార్‌హ్యామర్ 40,000ని చాలా ఏళ్లు 6 అడుగులకి 4 అడుగుల బల్ల మీద ఆడారు, అంటే 72 అంగుళాలకి 48. 2020లో వచ్చిన తొమ్మిదో ఎడిషన్ 2,000 పాయింట్ల ఆటకి (ప్రతి యూనిట్‌కీ పాయింట్లలో ఒక ఖరీదు ఉంటుంది, సైన్యం మొత్తం ఆ లెక్కకి లోబడాలి) కనీస కొలత 60 అంగుళాలకి 44 అని ఇచ్చింది. ఆడేవాళ్లు ఆ కనీసాన్నే కొలతగా తీసుకున్నారు. విస్తీర్ణంలో దాదాపు నాలుగో వంతు పోయింది. మరోవైపు ఆ ఆటలో మామూలు సైనికుడైన స్పేస్ మెరైన్ బేస్ 25 మి.మీ. నుంచి 32కి పెరిగింది. వినడానికి 7 మి.మీ. తేడానే, వైశాల్యంలో 64 శాతం ఎక్కువ. బల్ల చిన్నదై బొమ్మ పెద్దదైతే ఏమవుతుంది? మొదటి టర్నులోనే అందరూ అందరికీ అందుతారు. నడక అనే నిర్ణయం పోయి, ఎవరు ముందు కాలుస్తారన్నదే మిగులుతుంది. ఈ ఆట ఇష్టపడేవాళ్లకి నేను చెప్పేది ఒక్కటే: 2,000 పాయింట్ల బదులు 1,000 పాయింట్లు తీసుకుని, బల్ల మాత్రం 6 బై 4 ఉంచుకోండి. ట్యాంకులు పార్కింగ్‌లో నిలబెట్టినట్టు కాకుండా నిజంగా తిరుగుతాయి.

పాయింట్లు అన్నాను కాబట్టి దాని గురించి కూడా. సైన్యం జాబితా రాసుకోవడం సరదా పనే. కానీ ఏ యూనిట్‌కి ఏ నాయకుణ్ణి జోడిస్తే ఏ బోనస్ ఏ బోనస్‌తో కలిసి ఎన్ని రీరోల్స్ (పాచిక మళ్లీ వేసే అవకాశాలు) వస్తాయో ఇంట్లోనే లెక్కకట్టి వస్తే, బల్ల దగ్గర చేసేది ఆ లెక్క రుజువు చేయడమే. గెలుపోటములు సగం జాబితాలోనే తేలిపోయే ఆట నాకు పనికిరాదు. దీనికి మందు సన్నివేశాలు. రెండు జాబితాలూ ఒక్కళ్లే రాయండి, ఎవరికి ఏది అన్నది పాచిక వేసి తేల్చుకోండి. జాబితా రాసినవాడు రెండువైపులా న్యాయంగా రాస్తాడు.

నిర్ణయం బల్ల మీద పుట్టాలంటే చోటుతో పాటు ఇంకోటి కావాలి: అన్నీ చేయలేకపోవడం. సేనాని చెప్పిందల్లా అందరూ వెంటనే చేసేస్తే అది చదరంగం, యుద్ధం కాదు. దీన్ని అన్నిటికన్నా పొదుపుగా పట్టుకున్నది 1990లో వచ్చిన డి.బి.ఎ. అనే ప్రాచీన యుద్ధాల రూల్స్. సైన్యానికి 12 బేస్‌లే. టర్నుకి ఒక్క పాచిక. ఎంత పడితే అన్ని కదలికలు. ఒకదానికొకటి ఆనుకుని వరసగా ఉన్న బేస్‌లన్నీ కలిసి ముందుకెళ్తే అది ఒక్క కదలికే, విడిపోతే దేనికది విడిగా ఖర్చు. కాబట్టి వరస నిలిచినంతసేపు సైన్యం మీ మాట వింటుంది. శత్రువు ఎక్కడో ఒక చోట గుచ్చి వరస తెంపగానే పాచికలో 2 పడితే ఎవర్ని కాపాడాలో, ఎవర్ని వదిలెయ్యాలో తేల్చుకోవాలి. ఒక్క పాచికతో సేనాని కష్టమంతా వచ్చేసింది. గంట లోపు ఆట అయిపోతుంది కూడా.

2009లో వచ్చిన బ్లాక్ పౌడర్ అనే మస్కెట్ కాలపు యుద్ధాల రూల్స్ పద్ధతి వేరు, అదీ నాకు ఇష్టమే. ముందు ఆజ్ఞ నోటితో పైకి చెప్పాలి, 'ఈ బెటాలియన్ గట్టు దాటి చేను అంచుకి వెళ్లాలి' అని. తర్వాత రెండు పాచికలు వేసి కూడాలి. నాయకుడి స్థాయి 8 అనుకోండి. 9 లేదా పైన పడితే కదలిక లేదు, ఆ టర్నుకి ఆ నాయకుడి ఆజ్ఞలు కూడా అక్కడితో సరి. 7, 8 పడితే ఒక కదలిక, 6 పడితే రెండు, 5 లేదా తక్కువైతే మూడు. లెక్క చూస్తే అస్సలు కదలకపోవడానికి 36లో 10 పాళ్లు, మూడు కదలికలకీ 36లో 10 పాళ్లే. ఈ ఒడిదుడుకులు ఎక్కువని తిట్టేవాళ్లున్నారు. నిజమే, ఎక్కువే. కానీ ముఖ్యమైన ఆజ్ఞ ముందు ఇవ్వాలా, తప్పకుండా అయ్యేది ముందు ఇవ్వాలా అన్న తర్జనభర్జన ప్రతి టర్నులో ఉంటుంది, దాని కోసం ఆ ఒడిదుడుకులు భరించొచ్చు. ఇందులో నాకు చిరాకు ఒకటే: ఆజ్ఞ చెప్పకుండా పాచికలు వేసి, పడినదాన్ని బట్టి 'అక్కడికే వెళ్దామనుకున్నా' అనడం. అలా ఆడితే ఈ రూల్స్‌లో సారం మొత్తం పోతుంది.

గుప్పెళ్ల కొద్దీ పాచికలు వేయడం కూడా నాకు నచ్చదు. 40 పాచికలు వేసి 3 లేదా పైన పడినవి ఏరుకోవాలి, వాటిని మళ్లీ వేసి 4 లేదా పైన పడినవి ఏరుకోవాలి, అవతలివాడు అన్నీ తీసుకుని 5 లేదా పైన పడితే తప్పించుకోవాలి. మూడు సార్లు లెక్కపెట్టాక సగటున 9 దెబ్బలు. చాలాసార్లు ఫలితం 6 నుంచి 12 మధ్యే తిరుగుతుంది. అంత శ్రమ పడి తెచ్చుకున్న ఆ కాస్త తేడాని రెండు పాచికలు ఒక్కసారి వేసి, పక్కన చిన్న పట్టిక చూసి తేల్చేయొచ్చు. పాచికలు ట్రేలోనే వేయండి. బొమ్మల మధ్య వేస్తే ఈటెలు విరుగుతాయి, వంకరగా ఆగిన పాచిక మీద గొడవ వస్తుంది.

టేపు గురించి. కదలికని బేస్ ముందు అంచు నుంచి ముందు అంచు దాకానే కొలవాలి. ముందు అంచు దగ్గర టేపు పెట్టి, ఆరు అంగుళాల గీత దగ్గరికి బేస్ వెనక అంచు తెచ్చేవాళ్లు చాలామంది, తెలియకే చేస్తారు. 32 మి.మీ. బేస్‌తో అది అంగుళం పావు అదనం, ఆరు అంగుళాల నడకలో ఇరవై శాతం పైన. టేపుకి బదులు 6 అంగుళాల చెక్క కడ్డీ వాడితే ఈ తప్పు దాదాపు జరగదు, కడ్డీని బేస్ ముందు ఆనించి దాని కొసకి బేస్ ముందు అంచు తేవడం కంటికి తెలిసిపోతుంది. వరస తిరిగేటప్పుడు బయటి మూల నడిచిన దూరం కొలవాలి, మధ్యది కాదు.

ఇక రంగులు. ఆట బొమ్మని మనం నిలబడి మీటరు దూరం నుంచి చూస్తాం. ఫొటోల్లో మూడింతలు పెద్దదై కనిపించే కనుపాపలు ఆ దూరంలో లేనట్టే. కనిపించేవి ముఖం, కోటు రంగు, జెండా, బేస్ అంచు. శ్రమ అక్కడ పెట్టాలి. ఎర్ర కోట్ల విషయంలో నల్ల ప్రైమర్ (రంగులకి ముందు వేసే పూత) మీద నేరుగా ఎరుపు వేస్తే మూడు నాలుగు కోటింగులైనా కింది నలుపు తేలుతుంది, ఎరుపు పిగ్మెంట్‌కి కప్పే బలం తక్కువ. ముందు ఇటుక గోధుమ రంగు ఒక పూత, పైన నీళ్లు కలిపి పలచన చేసిన ఎరుపు రెండు పూతలు. అడ్డ పట్టీలకి తెలుపు కాకుండా ముందు లేత బూడిద, ఆ తర్వాత మధ్యలో మాత్రమే తెలుపు. సిపాయిల ఒంటి రంగు దగ్గర నాకు పట్టరాని చిరాకు ఒకటుంది: వందల బొమ్మలకీ ఒకే చాక్లెట్ గోధుమ రంగు పూసేయడం. మన ఊళ్లో ఏ వీధిలో నిలబడినా అలా ఉండదు. గోధుమలో మూడు ఛాయలు తీసుకుని, బొమ్మల్ని మూడు వంతులు చేసి వేయండి. ముక్కు, బుగ్గ, చేతి వేళ్ల మీద ఇంకాస్త పసుపు కలిపిన లేత గీత. ఇరవై నిమిషాల అదనపు పనికి దళం మొత్తం మనుషులవుతుంది.

స్ప్రే ప్రైమర్ డబ్బాల మీద రాసే సూచనలు చల్లటి, పొడి దేశాలకి సరిపోతాయి. కాకినాడ, విశాఖ లాంటి చోట్ల వానాకాలంలో గాలిలో తేమ 70 శాతం దాటి ఉంటే స్ప్రే కొట్టకండి. ద్రావకం వేగంగా ఆవిరై ఉపరితలాన్ని చల్లబరుస్తుంది, గాలిలో తేమ దాని మీద చేరి పూత తెల్లగా మసకేస్తుంది. మే నెల మిట్టమధ్యాహ్నం దీనికి ఎదురు జబ్బు: రంగు బొమ్మని చేరేలోగా గాలిలోనే ఆరి గరుకు కాగితంలా అతుక్కుంటుంది. ఎండాకాలం పొద్దున్నే, డబ్బాని రెండు నిమిషాలు ఊపి, 20–25 సెం.మీ. దూరం నుంచి, బొమ్మ పక్కన మొదలెట్టి బొమ్మ దాటాక ఆపేలా చిన్న చిన్న విసుర్లుగా కొట్టాలి. వానాకాలంలో బ్రష్‌తో వేసే ప్రైమరే గతి, అది రాత్రంతా ఆరాలి. చివర వేసే మ్యాట్ (మెరుపు లేని) వార్నిష్‌కీ ఇదే ప్రమాదం. మసకేసిందంటే బ్రష్‌తో మెరిసే (గ్లాసీ) వార్నిష్ ఒక పూత వేయండి, చాలాసార్లు రంగులు తిరిగొస్తాయి. ఆరాక పొడి రోజు చూసి మళ్లీ మ్యాట్.

తక్కువ ఖర్చులో మొదలెట్టేవాళ్లకి 1/72 మెత్తటి ప్లాస్టిక్ సైనికులు మంచివే. వాటిని ముందు గిన్నెల సబ్బుతో కడగాలి, లేకపోతే అచ్చు నూనె మీద రంగు నిలవదు. ఆ ప్లాస్టిక్‌కి మామూలు సూపర్ గ్లూ పట్టదు, వంగినప్పుడు రంగు పెచ్చులూడుతుంది. ప్రైమర్‌కి ముందు నీళ్లు కలిపిన ఫెవికాల్ పూత ఒకటి వేస్తే పెచ్చులు చాలా తగ్గుతాయి. లోహపు బొమ్మల చేతిలో మెత్తటి ఈటెలు ఎలాగూ వంగుతాయి, వాటిని కోసేసి 0.8 మి.మీ. ఇత్తడి తీగ పెట్టండి. కాగితం జెండాలకి ఫెవికాల్ తడి ఆరకముందే బ్రష్ కాడకి చుట్టి అలలు తేవాలి, తెల్లగా కనిపించే కాగితం అంచుకి జెండా రంగే తాకించాలి. ఆ తెల్ల అంచు మీటరు దూరం నుంచి కూడా కనిపిస్తుంది, అందుకే ఇంత పట్టుదల.

రూల్స్ పుస్తకాల సంగతి కొంచెం. 300 పేజీల పుస్తకానికి చివర విషయసూచిక లేకపోవడం క్షమించరానిది. ఒకే '+1' బోనస్‌కి పది యూనిట్లలో పది వీరోచితమైన పేర్లు పెట్టడం ఇంకోటి. పేరు కాకుండా ఫలితం రాస్తే బల్ల దగ్గర వెతుకులాట ఉండదు. కొత్త ఎడిషన్ల పరుగు కూడా అలసట తెప్పిస్తుంది: వార్‌హ్యామర్ 40,000కి 2014, 2017, 2020, 2023లలో కొత్త ఎడిషన్లు వచ్చాయి. ఎడిషన్ చివర్లో సైన్యం పుస్తకం వచ్చిన ఆటగాడికి దాన్ని వాడుకునే వ్యవధి కొన్ని నెలలే. పాత పుస్తకం మాత్రం ఎక్కడికీ పోదు. క్లబ్బులో నలుగురు కలిసి ఒక ఎడిషన్ దగ్గర ఆగిపోదాం అనుకుంటే ఆపేవాళ్లు లేరు. ఆ ఎడిషన్‌కి మీరు నిజంగా వాడే రూల్స్ మాత్రమే ఒకే కాగితానికి రెండువైపులా రాసుకుని ప్లాస్టిక్ కవర్లో పెట్టుకోండి: ఒకవైపు కదలిక, ఆజ్ఞలు, రెండోవైపు కాల్పులు, ధైర్య పరీక్ష. కాగితం పట్టకపోతే అందులో ఏవి మీ బల్ల మీద రెండేళ్లుగా ఒక్కసారి కూడా అవసరం పడలేదో చూసి, వాటిని కొట్టేయండి.